‘టెల్ మీ అబౌట్ ఇట్’ అంటే చెప్పమని కాదు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాకుళం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేస్తున్నాను. క్లయింట్ అమెరికా వాళ్ళు, కాల్‌లో లండన్ నుంచి కూడా ఒకాయన ఉంటాడు. మొన్న కాల్‌లో “సర్వర్ మాటిమాటికీ డౌన్ అవుతోంది, చాలా చిరాగ్గా ఉంది” అన్నాను. క్లయింట్ మేనేజర్ ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అంది. చెప్పమంటోంది కదా అని మొదటి నుంచి మొత్తం వివరించాను. అందరూ సైలెంట్. తర్వాత మా టీమ్ వాళ్ళు ఒకటే నవ్వు. అప్పటి నుంచి వెయ్యి ఇడియమ్స్ (జాతీయాలు) ఉన్న పీడీఎఫ్ ఒకటి పెట్టుకుని రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాను. కాల్‌లో మాత్రం అందులోవి వినపడవు, వినపడేవి అందులో ఉండవు. అసలు ఎన్ని నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి? ఇంకోటి, సంక్రాంతికి లీవు అడిగితే మా లీడ్ ‘లెట్స్ ప్లే ఇట్ బై ఇయర్’ అని మెసేజ్ పెట్టాడు. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను. ముందు ఆ పీడీఎఫ్ మూసెయ్. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షలకు చదివేవాళ్ళకైతే అది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఇడియమ్ ఇచ్చి నాలుగు అర్థాల్లోంచి ఒకటి గుర్తుపట్టమంటారు. నీ అవసరం అది కాదు. ఎదుటివాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు ఏమంటున్నారో నీకు అందాలి. ఆ పని బట్టీతో అయ్యేది కాదు.

అయినా నీకు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడు. ‘టెల్ మీ అబౌట్ ఇట్’లో తెలియని మాట ఒక్కటీ లేదు, టెల్ తెలుసు, అబౌట్ తెలుసు. అందుకే నీకు అనుమానం రాలేదు. జోరున వాన పడుతోందని చెప్పడానికి ఎవరైనా ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే ఆకాశంలోంచి కుక్కలు పడవని ఎవరికైనా తెలుసు, ఇందులో ఏదో ఉందని ఆగి ఆలోచిస్తాం. అలా వింతగా ఉన్నవి తమను తామే పట్టించేస్తాయి. మామూలు మాటల వేషంలో వచ్చేవే మనల్ని ముంచుతాయి. కాబట్టి నీ చదువు అక్కడ మొదలుపెట్టు.

‘టెల్ మీ అబౌట్ ఇట్’ అంటే “నాకు తెలీదా ఏంటి, నేనూ పడుతున్నా ఆ బాధ” అని. ఆవిడ నీతో గొంతు కలిపింది, అంతే, దానికి జవాబు అక్కర్లేదు, నవ్వి ముందుకెళ్ళిపోవచ్చు. ‘యూ కెన్ సే దట్ అగైన్’ కూడా ఈ రకమే, బాగా చెప్పావు అని అర్థం, నిజంగా ఇంకోసారి చెప్పకు. ఏదైనా అడగాలని నువ్వంటే వాళ్ళు ‘షూట్’ అంటారు, అంటే అడుగు అని. టీ కావాలా అంటే ‘ఐయామ్ గుడ్’ అంటారు, వద్దు అని, వాళ్ళ మంచితనం గురించి కాదు. ‘బీ మై గెస్ట్’ అంటే భోజనానికి పిలిచినట్టు కాదు, నిరభ్యంతరంగా కానివ్వండి అని. ‘డోంట్ హోల్డ్ యువర్ బ్రెత్’ అంటే అది ఇప్పట్లో జరగదు, ఆశ పెట్టుకోకు అని. ఫోన్ చివర్లో ‘ఐ విల్ లెట్ యూ గో’ అంటే పాపం నీకు పనుందని వదిలేస్తున్నట్టు వినిపిస్తుంది గానీ చాలాసార్లు వాళ్ళకే ఇక పెట్టేయాలని ఉంటుంది, మర్యాదగా నీ మీదకి తోస్తారు. ఇదే ‘లెట్ గో’ ఇంకోచోట ఎంత మారిపోతుందో చూడు. ‘దే లెట్ హిమ్ గో’ అంటే అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారని. “ఓ, ఎక్కడికి వెళ్ళాడు?” అని నువ్వు హుషారుగా అడిగావనుకో, అప్పుడొచ్చే సైలెన్స్ మొన్నటి కంటే బరువుగా ఉంటుంది.

ఒకే మాటకు ఆఫీసులో రెండు అర్థాలు ఉండటం కూడా ఉంది. ‘లెట్స్ పుష్ ద మీటింగ్ బ్యాక్’ అంటే మీటింగ్ వెనక్కి జరుపుదాం, తర్వాత పెట్టుకుందాం అని. ‘ద క్లయింట్ పుష్డ్ బ్యాక్’ అంటే క్లయింట్ ఒప్పుకోలేదు, ఎదురు చెప్పాడు అని. రెండోదాన్ని మొదటిదిగా అర్థం చేసుకుంటే, అవతల మంటలు లేస్తుంటే నువ్వు క్యాలెండర్‌లో తేదీ మారుస్తూ కూర్చుంటావు.

నీ కాల్‌లో అమెరికా వాళ్ళూ లండన్ ఆయనా ఇద్దరూ ఉన్నారన్నావు కదా, ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది, జాగ్రత్త. ‘లెట్స్ టేబుల్ దిస్’ అని అమెరికన్ అంటే దీన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. అదే మాట బ్రిటిష్ వాళ్ళంటే దీన్ని ఇప్పుడే చర్చకు పెడదాం అని. సరిగ్గా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఉమ్మడి సమావేశంలో బ్రిటిష్ సైనికాధికారులు ఒక పత్రాన్ని అర్జెంటుగా చర్చించాలని ‘టేబుల్’ చేద్దాం అన్నారట, అమెరికన్లేమో దాన్ని సొరుగులో పడేసి మర్చిపోదాం అంటున్నారనుకున్నారట, ఇద్దరూ కోరుకునేది ఒకటేనని తెలిసేలోపు చాలాసేపు కాస్త ఘాటుగానే వాదించుకున్నారని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకే ఆ గతి పట్టింది, నువ్వు సిగ్గుపడాల్సిందేముంది చెప్పు.

అమెరికా ఆఫీసు మాటల్లో చాలావాటికి మూలం బేస్‌బాల్. మనకు ఆ ఆట తెలీదు, అందుకే అవి గాల్లోంచి ఊడిపడ్డట్టు ఉంటాయి. ‘గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అంటే సుమారుగా ఒక అంకె చెప్పు అని. అడిగేవాళ్ళకు కచ్చితమైన లెక్క అక్కర్లేదు, “రెండు రోజులు టైమివ్వండి, ఎక్సెల్ షీట్ పంపుతాను” అంటే వాళ్ళకు విసుగొస్తుంది. రెండు వారాలో రెండు నెలలో ఏదో ఒకటి చెప్పేయ్, సుమారు మాత్రమే అని ఒక ముక్క కలుపు. ‘లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే’ అంటే సోమవారం ఓసారి మాట్లాడుకుందాం. ‘కర్వ్‌బాల్’ అంటే అనుకోకుండా వచ్చిపడ్డ చిక్కు. ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’లో ప్లేటు అన్నం పళ్ళెం కాదు, బ్యాటింగ్ చేసేవాడు వచ్చి నిలబడే చోటు, బాధ్యత తీసుకుని ముందుకు రమ్మని ఆ మాట. ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్’ అంటే ఇప్పుడు కుదరదు, ఇంకోసారి చూద్దాం అని. 1880ల్లో వాన వల్ల మ్యాచ్ ఆగిపోతే ఇంకో రోజు వచ్చి చూసుకోవడానికి ప్రేక్షకులకు ఇచ్చిన చీటీ అది. ఇలా ఆటతో కలిపి తెలుసుకుంటే గుర్తుండిపోతాయి, బట్టీ పట్టక్కర్లేదు. యూట్యూబ్‌లో ఒక అరగంట బేస్‌బాల్ మ్యాచ్ చూడు, మూడొంతులు నీకే అర్థమవుతాయి.

‘డ్రాప్ ద బాల్’ ఒక్కటి మాత్రం విడిగా రాసిపెట్టుకో. ‘ఉయ్ డ్రాప్డ్ ద బాల్ ఆన్ దిస్’ అంటే చేయాల్సింది చేయకుండా వదిలేశాం, తప్పు మనదే అని. ‘యూ డ్రాప్డ్ ద బాల్’ అంటే నేరుగా నీ మీద నింద. మెత్తగా నవ్వుతూ అంటారు గానీ అది చీవాట్లే. అప్పుడు ‘ఓకే’ అని ఊరుకోకుండా ఎక్కడ తప్పిందో, ఎప్పటికి సరిచేస్తావో చెప్పాలి. ‘త్రో అండర్ ద బస్’ కూడా ఇలాంటి చోటే వినిపిస్తుంది, తను తప్పించుకోవడానికి పక్కవాణ్ణి బలి చేయడం అన్నమాట.

లండన్ ఆయన దగ్గరికొస్తే క్రికెట్ వల్ల మనకు కొంచెం సుఖం. ‘స్టికీ వికెట్’ చెబితే చాలు తెలిసిపోతుంది, పిచ్‌ల మీద కవర్లు కప్పని కాలంలో వాన పడి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ అంటే నరకం, అలాంటి ఇరకాటం. కానీ క్రికెట్ తెలుసన్న ధీమాతోనే పడిపోయే చోటు ఒకటుంది. ‘ఇట్ నాక్డ్ మీ ఫర్ సిక్స్’ అంటే సిక్సర్ కొట్టినంత సంబరం అనుకుంటాం మనం. ఇక్కడ మాట్లాడేవాడు బ్యాట్స్‌మన్ కాదు, సిక్స్ తిన్నవాడు. వాళ్ళమ్మకు జబ్బు చేసిందనో, అనుకోకుండా చెడ్డ కబురు వచ్చిందనో చెబుతూ కుదేలైపోయాను అని అంటాడు. నువ్వు కంగ్రాట్స్ అనకూడదు కదా.

బ్రిటిష్ వాళ్ళు తగ్గించి మాట్లాడతారు, అది కూడా చెవికి పట్టాలి. నీ పని చూసి ‘నాట్ బ్యాడ్’ అన్నాడంటే బాగుందనే, లోపల పొంగిపోవచ్చు. ‘క్వైట్ గుడ్’ అన్నాడంటే మాత్రం గొంతు చూసుకోవాలి, అమెరికన్ నోట అది గట్టి మెచ్చుకోలు, బ్రిటిష్ నోట చాలాసార్లు “పర్లేదు” దగ్గరే ఆగిపోతుంది. ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అని ఎవరు మొదలుపెట్టినా తర్వాత వచ్చేది గౌరవం కాదు, నువ్వు చెప్పింది నేను ఒప్పుకోను అని.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అర్థం చేసుకోవడానికి. వాడటం వేరే లెక్క, అక్కడ నేను పిసినారిని. ఎన్ని నేర్చుకోవాలి అని అడిగావు కదా, విని గుర్తుపట్టేవి ఎన్నైనా పెంచుకుంటూ పో, నోటితో వాడేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చాలు. నాలుగు చెబుతా. ముందుగా ఒక మాట చెవిన వేయడానికి ‘జస్ట్ ఎ హెడ్స్ అప్’. ఏం జరుగుతోందో చెబుతూ ఉండమనడానికి ‘కీప్ మీ పోస్టెడ్’. ఇద్దరికీ ఒకటే అర్థమైందా అని సరిచూసుకోవడానికి ‘జస్ట్ టు మేక్ ష్యూర్ ఉయ్ ఆర్ ఆన్ ద సేమ్ పేజ్’. మొదట్నుంచీ మళ్ళీ చేయాలనడానికి ‘ఫ్రమ్ స్క్రాచ్’. ఇవి ఇటు అమెరికాలోనూ అటు బ్రిటన్‌లోనూ నడుస్తాయి, పై అధికారితోనైనా పక్క సీటు వాడితోనైనా అనొచ్చు, పాతబడిన వాసన లేదు. ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’, ‘మూవ్ ద నీడిల్’ లాంటివి నీకు రోజూ వినపడుతుంటాయి, మొదటిది తేలిగ్గా అయిపోయే పని, రెండోది చెప్పుకోదగ్గ తేడా తేవడం. వాటిని వాడకపోయినా నష్టం లేదు, ఇంగ్లీషు వాళ్ళే చాలామంది అవి వింటే మొహం చిట్లిస్తారు.

ఎక్కువ వాడొద్దని ఎందుకంటున్నానంటే, జాతీయానికి అర్థం ఒక్కటే ఉండదు, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అనొచ్చు అనే మర్యాద కూడా ఉంటుంది, పీడీఎఫ్‌లో అది రాయరు. ‘కిక్ ద బకెట్’ పక్కన ‘చనిపోవడం’ అని ఉంటుంది నీ పీడీఎఫ్‌లో, చూడు కావాలంటే. ఇది మన దగ్గరికీ వచ్చేసింది, సరదాకి ‘బాల్చీ తన్నేశాడు’ అంటాం. మరి ఊళ్ళో తాతగారు పోతే లీవు లెటర్‌లో మా తాతగారు బాల్చీ తన్నేశారు అని రాస్తావా? ఇంగ్లీషులోనూ అంతే దరిద్రంగా ఉంటుంది. ‘పాస్డ్ అవే’ అని రాయాలి. అలాగే ‘ఆన్ ద ఫెన్స్’ పక్కన గోడ మీది పిల్లి అని కొందరు రాస్తారు, చూడ్డానికి అతికినట్టే ఉంటుంది. కానీ గోడ మీది పిల్లి అంటే తిట్టు, ఎటు లాభముంటే అటు దూకేవాడని. ‘ఐయామ్ ఆన్ ద ఫెన్స్’ అని మనిషి తన గురించి తానే హాయిగా చెప్పుకుంటాడు, ఇంకా తేల్చుకోలేదు అని మాత్రమే. నీ క్లయింట్ ఆ మాటంటే కపటం వెతక్కు. నేరుగా సరిపోయేవీ లేకపోలేదు, ‘సోర్ గ్రేప్స్’ అంటే అందని ద్రాక్ష పుల్లనే, ‘క్రై వుల్ఫ్’ అంటే మన నాన్నా పులి కథే, ఊరికే తోడేలు పులి అయింది.

ఇంకోటి, వీటిని మార్చి వాడకూడదు. మనం ‘నీళ్ళు నమలడం’ అంటాం, ఎవరైనా ‘మజ్జిగ నమిలాడు’ అంటే నవ్వుతాం. రహస్యం బయటపెట్టడాన్ని ‘స్పిల్ ద బీన్స్’ అంటారు, దాన్ని ‘స్పిల్ ద బీన్’ అన్నా అలాగే ఉంటుంది. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ని తప్పు లేకుండా అన్నా కూడా పాత పాఠ్యపుస్తకం మాట్లాడినట్టుంటుంది, మామూలుగా వాళ్ళు ‘ఇట్స్ పోరింగ్’ అని ఊరుకుంటారు. అన్నట్టు, వెనకటికి ఇళ్ళ పైకప్పు గడ్డిలో పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకి జారిపడేవని, అందుకే ఆ మాట పుట్టిందని వీడియోల్లో చెబుతారు, నమ్మకు, అది కట్టుకథ. ఇడియమ్స్ పుట్టుక గురించి వాట్సాప్‌లో వచ్చే కథలు చాలావరకు ఈ బాపతే.

మన వైపు నుంచి వెళ్ళే మాటలు కూడా ఒకసారి చూసుకో. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021’ అంటే మనకు డిగ్రీ పూర్తయింది, అమెరికన్‌కు స్పృహ తప్పి పడిపోయావు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అను. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే నువ్వు వాళ్ళ మాట నమ్మట్లేదేమో అనిపిస్తుంది, ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ చాలు. చేయాల్సింది చేయండి అనే ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పటి బ్రిటిష్ వాళ్ళదే, వాళ్ళు వదిలేశారు మనం దాచుకున్నాం, దాని బదులు ఏం చేయాలో ఆ పని పేరే రాయి. అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడాన్ని మనం అనే ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకి ఎక్కింది గానీ అమెరికాలో చాలామంది వినలేదు. ఇవి తప్పులని నేను అనను, మన దేశంలో మనం హాయిగా వాడుకుంటాం, నీ క్లయింట్‌కు మాత్రం చేరవు. తెలుగులోంచి నేరుగా దింపడం కూడా వద్దు, కడుపు మండిపోయిందని ‘మై స్టమక్ ఈజ్ బర్నింగ్’ అంటే ఏం తిన్నావని అడుగుతారు.

ఇక కాల్‌లో అర్థం కాని మాట వచ్చినప్పుడు ఏం చేయాలి? దానికి అర్థం ఏంటి అని అడగడం తప్పేం కాదు, చాలామంది సంతోషంగా చెబుతారు. నాకైతే అంతకంటే మంచి దారి, మాటకు అర్థాన్ని కాక దాని ఫలితాన్ని అడగడం. ‘టేబుల్’ అన్నారనుకో, ‘సో ఆర్ ఉయ్ డిస్కసింగ్ ఇట్ నౌ ఆర్ లేటర్?’ అని అడుగు. ‘సర్కిల్ బ్యాక్’, అంటే దీని గురించి మళ్ళీ తర్వాత మాట్లాడదాం, అన్నారనుకో, ‘షుడ్ ఐ వెయిట్ ఫర్ యువర్ మెయిల్?’ అను. నీకు ఇడియమ్ తెలీదని ఎవరికీ తెలియదు, పైగా పని శ్రద్ధగా చేస్తున్నావనిపిస్తుంది. ఈ ప్రశ్న ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా అడగాల్సిందే, అడగకే సగం ప్రాజెక్టులు అలా తగలడుతున్నాయి.

నేర్చుకోవడానికి నీ దగ్గరే సరుకుంది. టీమ్ చాట్, పాత మెయిల్స్, కంపెనీ అనుమతిస్తే కాల్ రికార్డింగులు. కొత్త మాట దొరికినప్పుడు విడిగా రాసుకోకు, మొత్తం వాక్యం రాసుకో, ఎవరు ఎవరితో అన్నారో పక్కన పెట్టు. అదే మాట వేర్వేరు మనుషుల నోట వచ్చేదాకా నువ్వు వాడకు. అర్థం కోసం లెర్నర్స్ నిఘంటువులు చూడు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితం. అవి ఇంగ్లీషు పుట్టుకతో రాని మనలాంటివాళ్ళ కోసం చేసినవి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ లెర్నర్స్ డిక్షనరీకి మూలమైన పుస్తకాన్ని హార్న్‌బీ అనే ఆయన జపాన్ విద్యార్థులకు పాఠాలు చెబుతూ తయారుచేశాడు, 1942లో టోక్యోలోనే అచ్చయింది. అందుకే వాటిలో అవసరమైన మాటల పక్కన ఇన్ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, బ్రిటిష్, అమెరికన్ అని గుర్తులుంటాయి. అర్థం కంటే ముందు ఆ గుర్తు చూడు.

చివరికి నీ లీవు. ‘ప్లే ఇట్ బై ఇయర్’ సంగీతంలోంచి వచ్చిన మాట, కాగితం మీద నోట్స్ లేకుండా చెవితో విని వాయించడం. ముందే ఏమీ నిర్ణయించుకోకుండా అప్పటి పరిస్థితి చూసి చేద్దాం అని అర్థం. అంటే ఇవ్వలేదు, కాదనీ అనలేదు. దాన్ని అలా గాల్లో వదిలేస్తే పండగ ముందు రోజు సాఫ్ట్‌వేర్ రిలీజు పెట్టి కూర్చోబెడతారు, కాబట్టి ఒక తేదీకి కట్టెయ్. ఇలా రాయి: ‘ష్యూర్. కెన్ యూ లెట్ మీ నో బై జనవరి 2? ఐ విల్ హ్యాండ్ ఓవర్ మై టికెట్స్ బిఫోర్ ఐ లీవ్.’ ఇక్కడ టికెట్స్ అంటే సపోర్ట్ టికెట్లు, అంటే నీ చేతిలో ఉన్న క్లయింట్ సమస్యలు, రైలువి కాదు. రైలు టికెట్ కోసం మాత్రం వాడి జవాబు దాకా ఆగకు, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, సంక్రాంతికి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఎంతసేపు ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. తీసేసుకో, లీవు రాకపోతే క్యాన్సిల్ చేద్దువుగాని, చార్జీ కొంత పోతే పోయింది.